మీటల చరిత్రలో మన వేళ్ళు

1872లో తీసిన ఒక ఫొటో చాలా పుస్తకాల్లో అచ్చయింది. అమెరికాలోని మిల్వాకీ ఊళ్ళో ఒక అమ్మాయి కొత్తరకం యంత్రం ముందు కూర్చుని మీటలు నొక్కుతోంది. ఆమె పేరు లిలియన్ షోల్స్. ఆ యంత్రాన్ని తయారుచేస్తున్నది ఆమె తండ్రి క్రిస్టఫర్ లాథమ్ షోల్స్. టైపురైటర్ చరిత్ర రాసినవాళ్ళందరూ తండ్రి పేటెంటుతో (1868) మొదలుపెట్టి, కూతుర్ని బొమ్మ కింద వ్యాఖ్యలో సరిపెట్టారు. యంత్రం పనిచేస్తోందో లేదో లోకానికి చూపించింది మాత్రం ఆ వేళ్ళే. ఆ తరవాతి నూటయాభై ఏళ్ళలో ఈ పని విభజన పెద్దగా మారలేదు. మీటలు ఎక్కడుండాలో ఒకరు నిర్ణయిస్తారు. వాటిని రోజుకి ఎనిమిది గంటలు నొక్కేది ఇంకొకరు. అవి పాడైతే విప్పే హక్కు మూడోవారిది. ఈ ముగ్గురిలో మనం ఎక్కడున్నామన్నదే నా ప్రశ్న.

షోల్స్ యంత్రాన్ని కొనుక్కున్న రెమింగ్టన్ కంపెనీ తుపాకులు, కుట్టుమిషన్లు చేసేది. 1874లో బజారుకొచ్చిన మొదటి టైపురైటర్ ఆ కుట్టుమిషన్ల విభాగంలోనే తయారైంది. అందుకే దానికి కుట్టుమిషను బల్లా, నల్లటి ఒంటిమీద రంగురంగుల పూలూ ఉండేవి. కాగితం మోసే బండిని వెనక్కి తేవడానికి కాలితో తొక్కే పెడలు కూడా పెట్టారు. ఇది చదివినప్పుడు నాకు మా కోనసీమ మాట గుర్తొచ్చింది. టెన్త్ అయిపోయి, పై చదువుకి పంపని ఆడపిల్ల గురించి ఊళ్ళో ఎవరైనా అడిగితే ‘మిషను నేర్చుకుంటోందండి’ అనేవారు. ఏ మిషనో మళ్ళీ అడగాలి. కుట్టా, టైపా? రెండిటికీ మా భాషలో ఒకటే పేరు. రెండిట్లోనూ ఆడపిల్ల కూర్చుని వంగి చేసే పనే. పెళ్ళయ్యేదాకా ‘ఖాళీగా ఉండకుండా’ నేర్చుకునే పని, ఒకవేళ అత్తారింట్లో ఇబ్బందొస్తే అక్కరకొచ్చే పని. రెమింగ్టన్ వారికి తెలియకుండానే వాళ్ళ ఫ్యాక్టరీకీ మా రాజోలు తాలూకాకీ ఒక చుట్టరికం కుదిరింది.

పూల బొమ్మలు పెట్టింది స్త్రీలు మెచ్చుకోవాలనే. 1881లో న్యూయార్కు వై.డబ్ల్యు.సి.ఎ. యువతులకు టైపు తరగతులు పెట్టింది. ఆడవాళ్ళ శరీరాలు ఆ శ్రమకి తట్టుకోలేవని పెద్దలు అభ్యంతరపెట్టారట. 1910 నాటికి ఆ దేశంలో టైపిస్టులు, స్టెనోగ్రాఫర్లలో పదిమందికి ఎనిమిదిమంది స్త్రీలే. అప్పటికి ఇంగ్లీషులో ‘టైపురైటర్’ అన్న మాటకి యంత్రమనీ, దానిముందు కూర్చున్న మనిషనీ రెండర్థాలుండేవి. మనిషినీ పనిముట్టునీ ఒకే పేరుతో పిలవడంలో ఉన్న సౌకర్యం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఈ చరిత్రలో ఒక చిన్న విషయం దగ్గర ఆగాలి. మొదటి యంత్రం పెద్దబడి అక్షరాలు మాత్రమే కొట్టేది. చిన్నబడి అక్షరాలు కూడా కావాలంటే మీటల సంఖ్య రెట్టింపు చెయ్యాలి. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నమూనాలో షిఫ్టు మీట పెట్టి ఒక్కో మీటకి రెండేసి అక్షరాలు అప్పగించారు. కీబోర్డుని చిన్నది చెయ్యడమన్న ఆలోచన అక్కడే మొదలైంది. ఇవాళ కుర్రకారు ‘లేయర్’ అని ముచ్చటపడేది ఈ షిఫ్టు మీట మునిమనవరాలే.

తెలుగుకొచ్చేసరికి చిక్కు వేరు. టైపురైటర్ మీద ఉండేవి నలభై ఆరుకి అటూఇటూ మీటలు, అంటే తొంభై చిల్లర గుర్తులు. మన అచ్చులు, హల్లులు, వాటి గుణింతాలు, వత్తులు అన్నీ ఆ తొంభైలో ఇమడాలి. కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఇంకొకటి. కొన్ని మీటలు నొక్కితే బండి ముందుకు కదలదు. అక్కడే ఆగి పై గుర్తు వేసుకున్నాక అసలు అక్షరం కొట్టాలి. బళ్ళో నేర్చుకున్న అక్షరాన్ని ఎముకలుగా విడదీసి మళ్ళీ అతికించే ఈ విద్యని వేలాదిమంది ఆడపిల్లలు వేళ్ళకి పట్టించుకున్నారు. భాషాశాస్త్రజ్ఞులు లిపి సంస్కరణ గురించి సభల్లో వాదించుకుంటున్న రోజుల్లో, లిపి ఎక్కడ విరుగుతుందో చేతులతో తెలిసినవాళ్ళు ఈ టైపు పిల్లలు. వాళ్ళని ఏ సంఘంలోనూ సభ్యులుగా వేసుకోలేదు.

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడి వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షులయ్యారు. ఆఫీసుల్లోకి తెలుగు టైపు మిషన్లు రావాలన్న పట్టుదల అప్పటినుంచి బలపడింది. యంత్రాల సంగతికొస్తే 1955లో గోద్రెజ్ వారు దేశంలో మొదటి టైపురైటర్ తయారుచేశారు. నెహ్రూ దాన్ని పారిశ్రామిక భారతానికి ప్రతీకగా చెప్పాడు. తాళాలు, బీరువాలు చేసే కంపెనీ చేసిన టైపు మిషను కాబట్టి దాని రూపం కూడా బీరువాలాగే ఉండేది. బూడిదరంగు ఇనప రేకు, గుండ్రటి అంచులు, ఎత్తితే నడుం పట్టేసే బరువు. 2009లో వారు తయారీ ఆపేశారు.

ఇన్‌స్టిట్యూట్లో నేను నేర్చుకున్నది ఇలాంటి మిషను మీదే. ఏ.ఎస్.డి.ఎఫ్. దగ్గర ఎడమచెయ్యి, సెమికోలన్ దగ్గర కుడి చిటికెన వేలు. ఇంగ్లీషు లోయరుకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. ఎండాకాలం గదిలో పన్నెండు మిషన్లు ఒక్కసారి మోగుతుంటే మాట వినిపించేది కాదు. మా నోటు పుస్తకాల మీద కార్బను మరకలు, గోళ్ళ కింద రిబ్బను సిరా. రెండు వారాలకోసారి మెకానిక్కు సైకిలు మీద వచ్చేవాడు. ఆయన దగ్గర ఒక తోలు సంచి, సన్నటి స్క్రూడ్రైవర్లు, కొక్కేలు, నూనె బుడ్డి. మిషను బోర్లించి, విరిగిన కడ్డీని సరిచేసి, స్ప్రింగు మార్చి, పావుగంటలో లేపి నిలబెట్టేవాడు. వెయ్యికి పైగా విడిభాగాలున్న వస్తువు అది. అయినా ప్రతిదీ కంటికి కనపడేది, ప్రతిదీ విప్పడానికి వీలుండేది. కానీ విప్పడానికి మాకు వీలుండేది కాదు. ఒకసారి ఇరుక్కుపోయిన రెండు కడ్డీల్ని విడదీయబోతే మా మాస్టారు ‘అది మీ పని కాదమ్మా, చెయ్యి తెగుద్ది’ అన్నాడు. ఫీజు కట్టేది మేము, దాని జబ్బు ఏ మీట దగ్గరుందో చెప్పగలిగేది మేము. రోగలక్షణం చెప్పడానికి పనికొచ్చిన మనుషులు వైద్యానికి పనికిరారు.

ఇక్కడ ఇంగ్లండులో జరిగిన ఒక కథ చెప్పాలి. లిలియన్ మాల్ట్ టైపు నేర్పించడంలో ఆరితేరిన మనిషి. (ఈ కథలో ఇద్దరు లిలియన్లు ఉండటం కాకతాళీయమే.) వేళ్ళ పొడవులు ఒకేలా ఉండవని, బొటనవేళ్ళు ఊరికే ఖాళీగా ఉంటున్నాయని, మణికట్టు పక్కకి వంచి గంటలతరబడి కొట్టడంవల్ల నరాలు దెబ్బతింటాయని ఆమె తన విద్యార్థుల చేతులు చూసి గ్రహించింది. 1970లలో స్టీఫెన్ హాబ్డే అనే ఇంజినీరుతో కలిసి మాల్ట్రాన్ అనే కీబోర్డు తయారుచేసింది. ఎడమా కుడీ విడిపోయి, అరచేతి దొప్పలాగ లోపలికి వంగి ఉంటుంది. బొటనవేళ్ళకి కూడా ఒక గుత్తి మీటలు అప్పజెప్పింది. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే ‘ఈ’ అక్షరాన్ని బొటనవేలి కిందకి తెచ్చింది. 1977లో దీనిమీద పరిశోధనా పత్రం కూడా చదివింది. తమ కీబోర్డుకి తామే బొమ్మ గీసుకుంటున్న ఈనాటివాళ్ళలో చాలామంది బొటనవేళ్ళ గుత్తి పెడతారు. ఆ ఆలోచన ఒక టైపు టీచరమ్మ బల్లమీద నుంచి వచ్చిందని ఎంతమందికి తెలుసు? నొప్పి తెలిసిన మనిషి డిజైను చేస్తే వస్తువు ఎలా ఉంటుందో చూపించడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

కంప్యూటర్లొచ్చాక మెకానిక్కు సంచి కనపడకుండా పోయింది. 1985లో ఐబీఎం తెచ్చిన ‘మోడల్ ఎం’ కీబోర్డుకి ఒక్కో మీట కింద ఒక్కో స్ప్రింగు ఉండేది. నొక్కితే అది పక్కకి ఒరిగి టక్కుమనేది. టైపు మిషనుకి అలవాటుపడ్డ వేళ్ళకి ఆ శబ్దం సాక్ష్యం కింద పనికొచ్చేది. బండలా ఉండే ఆ వస్తువులో కూడా లోపలి పళ్ళేలని పట్టి ఉంచేవి ప్లాస్టిక్ రివెట్లు. ఏళ్ళు గడిచాక అవి ఊడిపోతాయి. ఇప్పటికీ దాన్ని ప్రేమించేవాళ్ళు రంధ్రాలు చేసి బోల్టులు బిగించుకుంటారు. తరవాత బజారు నిండా వచ్చిన చవక కీబోర్డులకి ఆ పాటి అవకాశం కూడా లేదు. మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలు, వాటిమీద గీసిన విద్యుత్తు గీతలు, పైన రబ్బరు బుడిపెల దుప్పటి. ఒక గీత తెగిందంటే ఒక వరస మీటలు మూగబోతాయి. అతకలేం, పారెయ్యడమే. సముద్రపు గాలిలో ఉప్పూ తేమా ఉండే మా ప్రాంతంలో వాటి ఆయుస్సు ఎంతో చెప్పక్కర్లేదు.

తెలుగు డి.టి.పి. పని 1990లలోనూ ఆ తరవాతా ఇలాంటి కీబోర్డుల మీదే సాగింది. ఎంతోమంది అమ్మాయిలు గదుల్లో కూర్చుని అను ఫాంట్లలో మన కథలు, కవితలు, సిద్ధాంత వ్యాసాలు కంపోజు చేశారు. స్త్రీవాద సాహిత్యం అచ్చులోకి వచ్చింది వాళ్ళ వేళ్ళ మీదుగా. మన పుస్తకాల్లో వాళ్ళ జాడ వెతికితే రెండో పేజీలో ‘డి.టి.పి.’ అన్న మూడక్షరాల పక్కన, తరచు ఒక షాపు పేరుగా మాత్రమే కనిపిస్తుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చి, పోరాటంలో పనిచేసిన స్త్రీల నోటినుంచే వాళ్ళ చరిత్ర వినాలని నేర్పింది. మన మాటల్ని అక్షరాల్లో పెట్టినవాళ్ళ దగ్గరికి మనం టేపు రికార్డరు తీసుకుని వెళ్ళామా? వాళ్ళలో చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇంకో నష్టం కూడా జరిగింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు కూర్చిన ఏర్పాటు అది. ఆ ఫైళ్ళలో ఉన్న రచనల్ని మార్చుకోకపోతే ఏ యంత్రమూ తెలుగుగా గుర్తుపట్టదు, వెతికిపెట్టదు.

తాటిపాకలో మా చెల్లెలి కూతురు ఈమధ్య సొంతంగా ఒక కీబోర్డు తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. ఈ వ్యాసానికి పురికొల్పింది అదే. ఇంట్లోనే అనువాదాలు చేసుకుంటుంది, రోజంతా టైపు పనే. రెండేళ్ళలో మూడు కీబోర్డులు పారేశాక విసుగెత్తి, చిన్నగా ఉండాలి, ఇనుములా ఉండాలి, పాడైతే నేనే విప్పుకోవాలి అనుకుంది. ఒక్కో మీటకి విడి స్విచ్చి. టంకం పెట్టకుండా గుచ్చి పీకెయ్యడానికి వీలయ్యే సాకెట్లు, కాబట్టి ఒక స్విచ్చి చచ్చిపోతే అదొక్కటే మారుతుంది. అడ్డం గీతలు, నిలువు గీతలు వేసి, అవి కలిసే ప్రతిచోటా ఒక స్విచ్చీ ఒక డయోడూ. మధ్యలో ఉన్న చిన్న చిప్పు ఏ అడ్డం ఏ నిలువు కలిసిందో క్షణక్షణమూ చూసుకుంటుంది. చాపల అల్లికలో పడుగూ పేకా లాంటిదే ఇదీ. పై పళ్ళేన్ని గేట్లకి గ్రిల్సు చేసే షాపులో కోయించింది. ‘ఎవరికోసమమ్మా ఇది?’ అని అడిగాడట ఆయన. ‘నాకేనండి’ అంటే నమ్మలేదు. ‘మీ ఆయన్ని పంపండి, కొలతలు ఆయనతో మాట్లాడతాను’ అన్నాడట. ‘కొలతలు గీసింది నేనండీ’ అన్నాక పని మొదలుపెట్టాడు. ఆయన పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు, అంచులు చక్కగా అరగదీశాడు. స్క్రూలు మాత్రం ఇది స్టెయిన్‌లెస్ స్టీలువే తెచ్చుకుంది, మామూలువైతే రెండు వానాకాలాలకి తుప్పు పట్టి విప్పడానికి రావు.

‘ఇండస్ట్రియల్ లుక్ పెద్దమ్మా’ అంది నాతో, ఆ బూడిదరంగు పళ్ళేన్ని చూపిస్తూ. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా అనిపించింది. పరిశ్రమ రూపం అన్నది పట్నాల్లో కాఫీ హోటళ్ళ అలంకారం. తాటిపాకలో అది ఇంటి వెనక గోడ. ఓ.ఎన్.జి.సి. వారి చిన్న రిఫైనరీ ఇక్కడ 2001లో మొదలైంది, ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యం. కొబ్బరితోటల మధ్య గొట్టాలు, వాల్వులు, హెచ్చరిక బోర్డులు మా పిల్లలు పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే. 1995 జనవరి 8న పక్కనే పాశర్లపూడిలో బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిళ్ళు వెలుతురు మైళ్ళ దూరం కనిపించేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. తుప్పుపట్టిన గొట్టం అది. గ్యాసు వాసన వస్తోందని ఊళ్ళోవాళ్ళు ముందే చెప్పారని అప్పటి పత్రికలు రాశాయి. వాసన ముందు తెలిసేది వంటింట్లో ఉన్నవాళ్ళకి, పెరట్లో ఉన్నవాళ్ళకి. మరమ్మతు చెయ్యాల్సిన వాళ్ళు ఇంకెక్కడో ఉంటారు. మెకానిక్కు వచ్చేదాకా మీట ఇరుక్కుందని చెప్పుకుంటూ కూర్చున్న మా టైపు క్లాసుకీ దీనికీ పోలిక తేవడం అతి అని ఎవరైనా అంటే అనవచ్చు. నాకు మాత్రం రెండిట్లోనూ ఒకే ఏర్పాటు కనిపిస్తుంది. ఇదంతా దానితో అంటే, ‘అందుకే కదా పెద్దమ్మా, అన్ని స్క్రూలూ పైకి కనపడేలా పెట్టాను’ అంది.

చిన్నది చెయ్యడం దగ్గర అసలు గొడవ వచ్చింది. మామూలు కీబోర్డుకి 104 మీటలు. పక్కనున్న అంకెల గుత్తి, బాణాలు, వాటి పైనున్న మీటలు, అన్నిటికన్నా పైనుండే ఎఫ్ మీటల వరస తీసేస్తే 61. ఇంకా ధైర్యవంతులు అంకెల వరస కూడా తీసేసి 47 దాకా తెస్తారు. కానీ ఏ మీటలు అనవసరం అన్న లెక్క ఇంగ్లీషు లెక్క. తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ఉంది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలన్నిటికీ కలిపి రూపొందించింది. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. కుడి వేళ్ళ కింద ప, ర, క, త, చ, ట వరసగా ఉంటాయి. వత్తక్షరాలు షిఫ్టులో. నా దృష్టిలో మన భాష స్వభావం తెలిసి చేసిన అమరిక ఇదొక్కటే. అందులో చ సెమికోలన్ చోట, ట దాని పక్క మీట చోట, డ బ్రాకెట్టు చోట ఉంటాయి. మరీ చిన్న కీబోర్డుల్లో ముందు ఎగిరిపోయేది కుడి చివరి మీటలే. ఇంగ్లీషువాళ్ళకి పోయేది ఒక బ్రాకెట్టు, మనకి పోయేది డ. డ పోతే ‘డు’ పోతుంది, అంటే రాముడూ భీముడూ పురుషోత్తముడూ అందరూ పోతారు. సంతోషిద్దామా అంటే ‘ఆడ’ అన్న మాటకి కూడా అదే కావాలి.

2006లో లేఖిని వచ్చాక చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెచ్చుకుంటున్నారు. అంతకు ముందు అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు ఆర్.టి.ఎస్. పద్ధతితో దారి వేశారు. దానివల్ల ఎంతోమంది స్త్రీలు ఎవరి సాయం లేకుండా రాయగలిగారు, అది తక్కువ విషయం కాదు. కానీ ‘అమ్మ’ రాయడానికి ముందు ఇంగ్లీషు ఏ, ఎమ్ గుర్తుతెచ్చుకోవాలి. తెలుగు మీడియంలో ఏడో క్లాసు చదివి ఆగిపోయిన మనిషికి అది రెండుసార్లు గోడ ఎక్కడం. మా పిల్ల చదువుకున్నది ఇంగ్లీషు మీడియమే అయినా పట్టుబట్టి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంది.

స్విచ్చులు చైనానుంచి వచ్చాయి. వాటిని బిగించిన వేళ్ళు ఎవరివో మనకి తెలియదు, ఊహించడం మాత్రం కష్టం కాదు. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో 2015నుంచి ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఫోన్లు బిగించినవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు. సన్నటి వేళ్ళు, ఓపిక, నెమ్మదితనం అని యాజమాన్యాలు ఎక్కడైనా చెప్పే కారణాలే ఇక్కడా. టైపు పనికి 1881లో చెప్పిన కారణాలు కూడా దాదాపు ఇవే. బిగించడానికి పనికొచ్చిన చేతికి విప్పడం నేర్పించరు. విప్పడం వస్తే జీతం మారుతుంది, పేరు మారుతుంది, ఆ అమ్మాయి మెకానిక్కవుతుంది.

పోయిన నెల చూసినప్పుడు దాని కీబోర్డు 52 మీటల దగ్గర ఆగింది. అంకెల వరస తీసేసింది. చ, ట, డ లు మాత్రం ఉన్నచోటే ఉంచింది, వాటికోసం కుడివైపు ఒక నిలువు వరస పెంచింది. పొల్లు అంటే విరామ చిహ్నం ఎడమ నడివేలి కింద ఉండేది, తెలుగులో ప్రతి వత్తుకీ అదే కావాలి కాబట్టి మాల్ట్ పద్ధతిలో బొటనవేలికి దింపింది. వేగం పెరిగిందో లేదో ఇంకా చెప్పలేనంటోంది, పాత అలవాటుతో వేలు మాటిమాటికీ పాతచోటికే పోతోందట. స్క్రూడ్రైవరు బల్ల సొరుగులోనే ఉంది. షిఫ్టు ఎడమవైపు ఒకటే ఉంచాలా, రెండువైపులా ఉంచాలా అన్నది తేలలేదు. ఒకటే అయితే ఖ, ఘ, భ లు కొట్టేటప్పుడు ఎడమ చిటికెన వేలు నొప్పెడుతోందట.